ఆ తీగ కత్తిరించొద్దని చెప్పు వదినా

వదినా, ఓ వదినా! ఆ పని కాస్త ఆపి గోడ దగ్గరికి రా. మన అబ్బాయి కటింగ్ ప్లయరు పట్టుకుని జీపు డాష్‌బోర్డు కింద దూరాడు. పనికిరాని తీగలన్నీ పీకేసి శుభ్రంగా కొత్త వైరింగు చేయిస్తాడట. ముందు వాణ్ణి బయటికి పిలువు. ఆ తీగలు అక్కడ ఎన్నేళ్ళుగా ఉన్నాయో, ఇంకో వారం ఉంటే మునిగిపోయేదేం లేదు. కత్తిరించాక మాత్రం ఏ ముక్క ఎక్కడిదో చెప్పడం ఎవరి వల్లా కాదు.

నీకు జీపుల సంగతి ఎలా తెలుసంటావా? మా నాన్న నర్సీపట్నంలో ఒక కలప షావుకారు దగ్గర డ్రైవరు. లంబసింగి మీదుగా చింతపల్లి దాకా ఆ ఘాట్ రోడ్డంతా జీపు మీదే తిరిగాడు. ఆదివారం వస్తే బండి మా వాకిట్లోనే ఉండేది. నాన్న బానెట్ ఎత్తి లోపలికి వంగేవాడు, నేను సీట్లో కూర్చుని ఆయన లాగమన్న గుబ్బ లాగేదాన్ని, నొక్కమన్న పెడలు నొక్కేదాన్ని. అందుకే మొన్న మీవాడు ఆ బండిని తాళ్ళు కట్టి లాక్కొస్తుంటే నా ప్రాణం లేచొచ్చింది. పైగా అది మామూలు జీపు కాదు వదినా. మీరంతా మహీంద్రా అనుకుంటున్నారు గానీ, ముందున్న జాలీకి చీలికలెన్నో లెక్కపెట్టు. తొమ్మిదున్నాయి. యుద్ధకాలంలో సైన్యానికి చేసిన విల్లీస్‌కి తొమ్మిది. ఆ తర్వాత మామూలు జనం కోసం చేసినవాటికి ఏడు. స్టీరింగు కూడా ఎడంవైపే ఉంది చూడు. మన దగ్గర మహీంద్రా వాళ్ళు విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది 1947లో. ఇది అంతకు ముందుది. 1941 నుంచి 1945 దాకా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ ఒకే నమూనాలో ఇలాంటివి ఆరు లక్షలకు పైగా చేశాయి. ఫోర్డ్ వాళ్ళయితే బోల్టు తలల మీద కూడా తమ 'ఎఫ్' అక్షరం కొట్టుకున్నారు. ఆ మసి తుడిచి వెతకమను, ఎన్ని కనిపిస్తాయో.

కాబట్టి డాష్‌బోర్డు మీదున్న గుబ్బలు ఎవరో సరదాకి పెట్టినవి కావు. ఇంజను 60 గుర్రాల బలం, కరెంటు 6 వోల్టులు. అంత చిన్న బండిలో చోటెంత ఉంటుంది చెప్పు? ఆ కాస్త చోటులో ఒక మీట పెట్టారంటే దానికేదో పని ఉండే పెట్టారు. అక్షరాలు అరిగిపోయాయి గనక ఏది ఏమిటో తెలియట్లేదు, అంతే. ఇవాళ్టి కార్లలో ఏ కంపెనీదైనా బొమ్మలు ఒకటే, చూడగానే తెలిసిపోతుంది. అప్పట్లో గుబ్బ మీద చిన్నగా పేరు చెక్కేవారు. పేరు పోతే గుబ్బ మూగదైపోయినట్టే.

మీవాడు నన్నడిగిన మొదటి ప్రశ్నేమిటో తెలుసా? 'అత్తా, ఒకేలాంటి గుబ్బలు రెండున్నాయి, రెండూ లాగితే బయటికొస్తున్నాయి, దేనికీ లైటు వెలగట్లేదు, రెండూ పీకేయనా?' అని. గుండె ఝల్లుమంది. ఒకటి చోకు, రెండోది హ్యాండ్ యాక్సిలేటరు. రెంటి వెనకా కరెంటు తీగ ఉండదు, సైకిలు బ్రేకుకి ఉన్నట్టు తొడుగులో జారే ఇనుప తీగ ఉంటుంది. అది డాష్‌బోర్డు వెనక రేకులోంచి దూరి కార్బొరేటరు దాకా వెళ్తుంది. ఏది ఏదో తెలుసుకోవడం చాలా తేలిక. ఒకరు బానెట్ ఎత్తి కార్బొరేటరు వైపు చూస్తుండాలి, ఇంకొకరు సీట్లో కూర్చుని గుబ్బ మెల్లగా లాగాలి. పైన గాలి లోపలికెళ్ళే మూతి దగ్గర రేకు బిళ్ళ మూసుకుందా, అది చోకు. కింద, కాలి యాక్సిలేటరు తొక్కితే తిరిగే ఇరుసే ఇప్పుడూ తిరిగిందా, అది చేతి యాక్సిలేటరు. ఇంజను ఆపేసే చూడొచ్చు, పెట్రోలు చుక్క ఖర్చు లేదు.

చోకు పనేమిటంటావా? లంబసింగి చలి నీకు తెలుసుగా, ఇప్పుడు జనం పొగమంచు చూడ్డానికి కార్లేసుకుని పోతున్నారు. ఆ చలిలో నాన్న తెల్లారుజామున బండి తీయాలి. చల్లటి ఇంజనులో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. అందుకని గాలి తగ్గించి పెట్రోలు పాళ్ళు పెంచాలి. చోకు లాగితే గాలి మూతి మూసుకుంటుంది, ఇంజను అందుకుంటుంది. అందుకున్నాక కొంచెం కొంచెంగా లోపలికి తోసేయాలి. అలాగే వదిలేశారనుకో, ప్లగ్గులకి నల్లగా మసి పడుతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలు కడిగేసి కిందున్న ఆయిల్లో కలుస్తుంది, ఆయిలు పలచబడి ఇంజను అరుగుతుంది. పాత జీపుల ఇంజన్లు ఎన్నో ఇలాగే తొందరగా పోయాయి. బండిది లోపమేమీ కాదు. చోకు సగం బయటికి బిగుసుకుపోయినా ఎవరూ పట్టించుకోలేదు. తొడుగులో తుప్పు పట్టిన తీగకి రెండు చుక్కల ఆయిలు వేస్తే సరిపోయేది.

చేతి యాక్సిలేటరు సంగతి ఇంకా చెప్పుకోవాలి. ఇవాళ్టి పిల్లలకి అసలు అర్థం కానిది అదే. కాలు ఉండగా చెయ్యెందుకు? ఎందుకంటే ఈ బండికి స్టార్టరు కూడా కాలితోనే నొక్కాలి వదినా. యాక్సిలేటరు పక్కన నేలలో ఒక ఇనుప బొడిపె ఉంది చూడు, అదే. ఎడమ కాలు క్లచ్ మీద, కుడి కాలు ఆ బొడిపె మీద. మరి యాక్సిలేటరెవరు తొక్కుతారు? చేత్తో గుబ్బ ఓ పిసరు లాగి పెట్టుకుంటే సరి. రెండో పని, బండి నిలబెట్టి ఇంజను ఒకే వేగంతో తిప్పాల్సి వచ్చినప్పుడు. బ్యాటరీ ఛార్జి చేయడానికో, ఇంకో యంత్రాన్ని ఆడించడానికో. యుద్ధమయ్యాక 1945లో విల్లీస్ వాళ్ళు రైతుల కోసం చేసిన జీపుకి పట్టా తగిలించి యంత్రాలు తిప్పేవారు, దానికైతే వేగం నిలకడగా ఉంచే గవర్నరని ఇంకో పరికరం, గాట్లు పెట్టిన ప్రత్యేకమైన పిడీ ఉండేవి. మూడో పనేమిటో మా నాన్న దగ్గర కళ్ళారా చూశాను. రాళ్ళ దారిలో బండి ఎగిరెగిరి పడుతుంటే కాలు కూడా ఎగురుతుంది, కాలితో పాటు ఇంజనూ ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు ఆయన కాలు తీసేసి గుబ్బ కొద్దిగా లాగి ఉంచేవాడు. బండి ఒకే నడకతో మెల్లగా పాక్కుంటూ ఎక్కేది. కానీ తారు రోడ్డు ఎక్కగానే గుబ్బ లోపలికి తోసేయాల్సిందే. మర్చిపోతే కాలు తీసినా బండి తగ్గదు. మీవాడికి ఈ ఒక్క మాట గట్టిగా చెప్పు.

డీజిలు జీపులో అయితే ఇంకో గుబ్బ ఉంటుంది, దాన్ని చోకనుకుంటారు చాలామంది. అది స్టాపరు. డీజిలింజనుకి స్పార్కు ప్లగ్గులుండవు గనక, పాతవాటిలో తాళం తీసినా ఇంజను ఆగదు. స్టాపరు లాగితే పంపు దగ్గర డీజిలు ఆగుతుంది, అప్పుడే ఇంజను ఆగుతుంది. కొన్నింటిలో చిన్న జల్లెడ కన్నం లోపల తీగచుట్ట ఎర్రబడుతుంది, అది హీటరు గుర్తు, ఎర్రబడ్డాకే సెల్ఫు కొట్టాలి. మీది పెట్రోలు గనక ఆ గొడవ లేదు. అయినా మన దేశంలో పాత విల్లీసులకి డీజిలింజన్లు ఎక్కించినవి చాలా ఉన్నాయి, మీవాడి స్నేహితులెవరైనా కొంటే పనికొస్తుంది.

ఇక లైట్ల స్విచ్చి సంగతి. లాగితే ఒక్క మెట్టు మాత్రం వస్తోంది, హెడ్‌లైట్లు వెలగట్లేదు, స్విచ్చి చెడిపోయింది, మార్చేస్తానన్నాడు. చెడిపోలేదు వదినా! దాని పక్కన చిన్న మొటిమలాంటి బటను ఉంటుంది. అది నొక్కి పట్టుకుని లాగితేనే రెండో మెట్టుకొస్తుంది. కావాలనే అలా చేశారు. మొదటి మెట్టు యుద్ధపు చీకటి కోసం. విమానాల వాళ్ళకి కనబడకుండా పిల్లి కళ్ళంత చిన్న దీపాలు మాత్రమే వెలుగుతాయి. చీకట్లో సిపాయి చెయ్యి పొరపాటున హెడ్‌లైట్లు వేసేస్తే మొత్తం బళ్ళ వరసంతా శత్రువు కంట్లో పడుతుంది. అందుకని ఆ బటను తాళంగా పెట్టారు. బటను నొక్కి లాగితే మామూలు లైట్లు, ఇంకా లాగితే పగటిపూట బ్రేకు లైటు మాత్రమే. వెనక దీపాల్లో ఇంకో విశేషముంది. వాటికున్న సన్న కన్నాలు దగ్గర్నుంచి చూస్తే విడివిడిగా కనబడతాయి, దూరం పెరిగేకొద్దీ కలిసిపోయి చివరికి ఒకటే దీపమవుతుంది. వెనక వస్తున్న డ్రైవరు దాన్నిబట్టే ముందు బండి ఎంత దూరంలో ఉందో అంచనా వేసుకునేవాడు. హెడ్‌లైట్లు లేకుండా బారులు తీరి వెళ్ళాలంటే మరి అదే ఆధారం.

మన విశాఖ వాళ్ళకి ఆ చీకటి కొత్తేం కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలొచ్చి విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. మా అమ్మమ్మ చెప్పేది, దీపానికి నల్ల కాగితం చుట్టుకుని అన్నాలు తినేవాళ్ళమని. ఆ రోజుల్ని గుర్తుచేసే వస్తువు మనిళ్ళలో ఒక్కటన్నా మిగిలిందా? మీ వాకిట్లో ఆ స్విచ్చి ఉంది. దాన్ని తీసి పాతసామాన్లవాడికిచ్చి నాలుగు రూపాయల ప్లాస్టిక్కు స్విచ్చి పెట్టుకోవడానికి మనసెలా ఒప్పుతుంది? ఎడమ బురద రేకు మీద టోపీ పెట్టుకున్నట్టున్న ఒంటి దీపం కూడా ఆ జట్టులోదే. దానికి డాష్‌బోర్డు మీద వేరే గుబ్బ ఉంటుంది. అది ఎంత లాగినా ఏమీ కాలేదని మీవాడన్నది నిజమే. మొదటి స్విచ్చి చీకటి మెట్టులో ఉంటేనే అది పనిచేస్తుంది.

హెడ్‌లైట్ల మాటొచ్చింది గనక ఇదీ చెప్తాను. బానెట్ ఎత్తితే హెడ్‌లైటు వెనక చేత్తో తిప్పే రెక్కల నట్టు ఉంటుంది. ఊడొచ్చేలా ఉందని బిగించేయబోయాడట. అది వదులు చేసి హెడ్‌లైటుని వెనక్కి తిప్పితే ఇంజను మీద వెలుగు పడుతుంది. అర్ధరాత్రి అడవిలో బండి ఆగితే టార్చి పట్టే మనిషి అక్కర్లేదు. ఎంత ఆలోచించారో చూడు!

కరెంటు లేని గుబ్బల గురించి చెప్పాను కదా, కరెంటు తీగలనిపించే కరెంటు లేని గొట్టాలు కూడా ఉన్నాయి. ముఖ్యంగా దీని కోసమే పరుగెత్తుకొచ్చాను. ఆయిలు మీటరు వెనక సన్నటి గొట్టం ఉంటుంది. అందులో నిజంగా ఆయిలే ఉంటుంది, ఇంజను నుంచి మీటరు దాకా. దాన్ని వైరనుకుని కత్తిరించి ఇంజను వేస్తే వేడి ఆయిలు కాళ్ళ మీద చిమ్ముతుంది, ఇంజనులో ఆయిలు అలాగే కారిపోతుంది. వేడి చూపించే మీటరుకి ఇంకా సన్నటి గొట్టం, చివర ఓ బుడ్డి. అది ఒక్కసారి తెగిందా, ఇక మామూలు మెకానిక్కు అతకలేడు, మీటరు మొత్తం మార్చుకోవాల్సి రావచ్చు. అందుకే మడత పెట్టొద్దు, లాగొద్దు, పైకి తగిలించేటప్పుడు గుండ్రంగా చుట్టి వదిలేయాలి. అలాగే అమ్మీటరు ఉంది, ముల్లు అటూ ఇటూ ఊగుతుంటుంది. స్టార్టరుది తప్ప బండి కరెంటు దాదాపు అంతా దాని వెనకున్న రెండు నట్ల మీదుగానే పోతుంది. ఆ నట్లు వదులైతే వేడెక్కుతాయి, తొడుగు కాలి మంటలొస్తాయి. కింద దూరే ముందు బ్యాటరీ తీగ విప్పమను. అది మొట్టమొదటి పని. బ్యాటరీ మీద మూతలెన్నో కూడా చూడమను. మూడుంటే 6 వోల్టులు, ఆరుంటే 12. ఎవరైనా మధ్యలో మార్చి ఉంటే బల్బులూ మీటర్లూ కూడా మార్చారో లేదో చూసుకోవాలి.

వైపరు గుబ్బ వెతుకుతున్నాడా? డాష్‌బోర్డు మీద ఉండదు. అద్దం చట్రానికి లోపలివైపు ఉన్న పిడే వైపరు, చేత్తో అటూ ఇటూ తిప్పుకోవాలి. తర్వాతొచ్చిన జీపుల్లో ఇంజను గాలి పీల్చే బలంతో తిరిగే వైపర్లు పెట్టారు. వాటితో మా నాన్న పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. ఘాట్ ఎక్కుతూ యాక్సిలేటరు గట్టిగా తొక్కితే ఆ పీల్పు తగ్గిపోతుంది, వానలో వైపరు నీరసంగా ఆగిపోతుంది. ఒక్క క్షణం కాలు ఎత్తితే రెండు ఊపులు ఊగేది. ఆ ఘాట్లో మలుపు మలుపుకీ ఆయన అలాగే కాలెత్తి, అద్దం తుడుచుకుని, మళ్ళీ తొక్కేవాడు. చేతి వైపరే నయమనేవాడు.

ఇప్పుడు అన్నయ్యగారి బెంగ సంగతి చూద్దాం. గేరు వేసి క్లచ్ వదిలినా బండి కదల్లేదని, గేరుబాక్సు పోయిందని, షోకు కోసం పోసిన డబ్బులు మట్టిపాలయ్యాయని నిన్న వీధిలో నలుగురితో అంటున్నారట. గేరుబాక్సుకి ఏమీ కాలేదని చెప్పు. నేల మీద మూడు రాడ్లున్నాయి కదా. పొడుగ్గా వంగి ఉన్నది మామూలు గేరు రాడ్డు, ముందుకి మూడు గేర్లు, వెనక్కి ఒకటి. పక్కన పొట్టివి రెండు. వాటిలో ఒకటి ముందు చక్రాలకి కూడా బలం పంపుతుంది. రెండోదానికి మూడు చోట్లున్నాయి: హై, న్యూట్రలు, లో. ఎవరిదో మోకాలు తగిలి ఆ రెండోది న్యూట్రల్లోకి పడి ఉంటుంది. అప్పుడు ఎన్ని గేర్లు మార్చినా బలం చక్రాల దాకా రాదు. బండి నిలబెట్టి ఇంజనుతో వేరే యంత్రం తిప్పుకోవడానికి పనికొచ్చే న్యూట్రలది.

ఇందులో ఓ ప్రమాదం కూడా ఉంది వదినా, నవ్వుతూ వదిలేసేది కాదు. ఏటవాలులో బండి ఆపి, మొదటి గేరులో ఉంచాం కదా కదలదులే అనుకుంటాం. పక్క రాడ్డు న్యూట్రల్లో ఉంటే గేరు పట్టు చక్రాలకి అందదు, బండి జారిపోతుంది. అందుకే దిగే ముందు చూపు ఆ రాడ్డు మీద పడాలి, హ్యాండు బ్రేకు లాగాలి, చక్రానికి రాయి పెట్టాలి. మా నాన్న సీటు కింద ఎప్పుడూ ఒక చెక్క ముక్క ఉండేది. హ్యాండు బ్రేకు పిడి డాష్‌బోర్డు మధ్యలోనే ఉంది, అది కూడా మీవాడు బానెట్ తెరిచే పిడి అనుకున్నాడు. ఆ బ్రేకు చక్రాలని పట్టదు, బలం పంచే పెట్టె వెనక డ్రమ్ముని పట్టుకుంటుంది. బండి పరుగెడుతుండగా దాన్ని లాగితే కింది షాఫ్టుల మీద దెబ్బ పడుతుంది. నిలబడ్డ బండికే అది.

లో వేయాలంటే ముందు నాలుగు చక్రాల రాడ్డు వేసి ఉండాలి, లేకపోతే పడదు, లోపల అడ్డం ఉంటుంది. బలవంతం చేయొద్దను. లోలో బండి వేగం సగానికి పడిపోతుంది, లాగే సత్తువ ఇంచుమించు రెట్టింపవుతుంది. అంత సత్తువ ఒక్క వెనక చక్రాల మీదే పడకూడదనే ఆ అడ్డం. ఇంకోటి, నాలుగు చక్రాలూ వేసుకుని పొడి తారు రోడ్డు మీద షికారుకెళ్ళకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు. బురదలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు, లోపల గేర్లు మెలిపడి బిగుసుకుంటాయి, రాడ్డు వెనక్కి రాదు. అలా బిగుసుకుంటే సుత్తి తేవద్దు, కాస్త వెనక్కి నడిపితే వదులవుతుంది. మొదటి గేరు మాత్రం బండి పూర్తిగా ఆగాకే వేయాలి, ఆ గేరుకి మెత్తగా పడేలా చేసే సింక్రో లేదు, గరగరమంటుంది.

రాడ్ల మాటొచ్చింది గనక చెప్తున్నా, మా పిన్ని కొడుకు డార్జిలింగ్ వెళ్ళినప్పుడు మణేభంజాంగ్ నుంచి సందక్‌ఫూ దాకా పాత లాండ్‌రోవర్‌లో ఎక్కాడు, అప్పుడు అక్కడ అవి టాక్సీలుగా తిరిగేవి. డ్రైవరు పక్కన కూర్చుని వచ్చి నాకు ఫోటో చూపించాడు. వాటిలో పసుపు గుబ్బొకటి, ఎర్ర గుబ్బొకటి. పసుపుది కిందికి నొక్కితే నాలుగు చక్రాలు. ఎర్రది వెనక్కి లాగితే లో, దాంతో నాలుగు చక్రాలూ వాటంతటవే పడతాయి, పసుపు గుబ్బ టక్కున పైకి లేస్తుంది. రంగులేసిన పెద్దమనిషికి దండం పెట్టాలి. అక్షరాలరిగిపోయినా రంగు మిగిలింది, చదువు రాని డ్రైవరుకైనా తెలుస్తుంది. మొదటి లాండ్‌రోవర్లు, 1948 నాటివి, వాటిలో ఇంకో వింత, కాళ్ళ దగ్గర నేలలో ఒక రింగు. చూస్తే నేల పలక ఎత్తే కొక్కెమనుకుంటాం. లాగితే ముందు చక్రాల దారి బిగుస్తుంది. మన జీపులకైతే ఆ బిగించే సంగతి ముందు చక్రాల మధ్యనుండే బిళ్ళల్లో ఉంటుంది, అవి తర్వాత కొనుక్కుని పెట్టుకున్నవి. మీ బండికి అవి లేవు, నేను చూశాను.

ఇవన్నీ పోగా ఇంకా మిగిలే స్విచ్చులున్నాయి కదా. అవి బండితో పుట్టినవి కావు, చేతులు మారినప్పుడల్లా చేరినవి. ఎడం పక్క నల్ల స్విచ్చి, దాని తీగ వెనక సీటు కిందికి పోయి తెగి ఉంది. అక్కడ యాంప్లిఫయరు పెట్టి ఉంటారు. ఎన్నికల్లో జీపుల మీద మైకులు కట్టుకుని ఊరూరా తిరిగేవాళ్ళు, సినిమా మారిందంటే కాగితాలు విసురుకుంటూ వచ్చేవాళ్ళు, గుర్తుందా? ఆ జీపుల వెనకాల మనమూ పరుగెత్తినవాళ్ళమే. ఇలాంటివి తీసేయాలనుకుంటే తీసేయొచ్చు, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఏది అసలుది, ఏది చేరింది అని తేల్చుకున్నాకే. తేల్చుకోవడానికి గుర్తులున్నాయి. అసలు తీగల మీద గుడ్డ అల్లిక ఉంటుంది, తర్వాత వేసినవి ప్లాస్టిక్కు. అసలు రంధ్రం అంచు నున్నగా ఉంటుంది, తర్వాత డ్రిల్లు పెట్టింది వంకరగా, పెయింటు పెచ్చులూడి ఉంటుంది. రంగుల్ని మాత్రం నమ్మొద్దు. ఎర్ర తీగ అయిపోతే ఉన్న తీగేదో వేసి పంపడం మన వైరింగు షాపుల్లో మామూలే.

మీవాడు చేయాల్సిందిదీ. బ్యాటరీ తీగ విప్పాలి. డాష్‌బోర్డుకి ముందూ వెనకా ఫోటోలు తీయాలి. ఒక్కో గుబ్బ పట్టుకుని దాని వెనక చెయ్యి పెట్టి చివరిదాకా తడుముతూ పోవాలి. మధ్యలో ఆగకూడదు. చివర కార్బొరేటరుందా, దీపముందా, గాల్లో వేలాడుతోందా? తేలినవెంటనే కాగితం ముక్క మీద రాసి ఆ తీగకే అంటించాలి. తేలనిది తేలనట్టే ఉంచాలి, కత్తిరించకూడదు, చివర టేపు చుట్టి పక్కన పెట్టాలి. తర్వాత బ్యాటరీ తగిలించి టెస్టు ల్యాంపుతో ఒక్కో స్విచ్చీ చూసుకోవాలి. పక్కన నేను కూర్చుంటాను, వంటయ్యాక వస్తాను. మా నాన్న వాడిన స్పానర్లు నా దగ్గరే ఉన్నాయి, అవి అంగుళాల కొలతవి. మిల్లీమీటర్లవి తెచ్చి ఆ నట్ల మూలలు అరగదీయొద్దని చెప్పు.

కొండమీది రూట్లలో జీపులు తోలినవాళ్ళు ఇంకా కొందరు మన చుట్టుపక్కల ఉన్నారు. మార్కెట్టు వీధి చివర సోడా కొట్టు తాతయ్య ఉన్నాడే, ఆయన కూడా ఒకప్పుడు పాడేరు రూటు డ్రైవరే. మీవాణ్ణి ఒకసారి తీసుకెళ్ళి కూర్చోబెట్టు. పుస్తకంలో లేనివి ఆయన చెబుతాడు, ఏ కొండ దగ్గర ఏ రాడ్డు ఎప్పుడు వేశాడో చేత్తో చూపిస్తాడు. వయసు మీద పడింది, ఈ వారమే వెళ్ళండి.

ఇంకొక్క మాట, తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్ళిపోదువుగాని. సామాను పెట్టుకునే అర తలుపు మీద మూడు రేకు పలకలున్నాయి. ఒకదాని మీద ఆ రాడ్లు ఎటు వేస్తే ఏమవుతుందో బొమ్మ గీసి ఉంది, ఇంకోదాని మీద బండి నంబరు, సైన్యానికి అప్పగించిన తేదీ. మొన్న బండి చూడ్డానికొచ్చినతను ఆ పలకలకి మంచి ధర ఇస్తానన్నాడట. ఇవ్వొద్దు. ఇసక కాగితం పెట్టి తోమొద్దు, పెయింటు కూడా వేయొద్దు, సబ్బు నీళ్ళతో మెత్తటి గుడ్డ పెట్టి తుడిస్తే చాలు. కొత్త పలకలు ఎక్కడైనా చేసిస్తారు. కానీ పలక మీది నంబరూ ఛాసిస్ మీది నంబరూ కలిసిన బండికే పాత బళ్ళ లోకంలో విలువ.